వానల్లో బండి తీసే ముందు: బ్రేకు ఆపేది బండినే, మిమ్మల్ని కాదు

బ్రేకు తొక్కితే ఆగేది బండి ఒక్కటే. లోపలున్న మనుషులు, సంచులు, సీసాలో నీళ్లు, డ్యాష్‌బోర్డు మీది ఫోను, ఇవేవీ వాటంతట అవి ఆగవు. ఏదో ఒకటి అడ్డుపడేదాకా పాత వేగంతోనే ముందుకు పోతుంటాయి. న్యూటన్ 1687లో అచ్చువేసిన మొదటి గమన నియమం ఇదే. బడిలో దీన్నే జడత్వం అని చదువుకున్నాం. ‘బ్రేకు వేస్తే ముందుకు తోసేసింది’ అంటుంటాం గానీ, తోసినవాళ్లెవరూ లేరు. సీటు ఆగింది, మనం ఆగలేదు, అంతే.

అందుకే బయల్దేరే ముందు బండిలో ఉన్న ఒక్కో వస్తువునీ చూసి ఒకే ప్రశ్న వేసుకోండి: ఉన్నపళంగా ఆగాల్సి వస్తే దీన్ని ఆపేది ఏది? జవాబు బెల్టో, తాడో, డిక్కీ గోడో అయితే ఫరవాలేదు. ముందు సీట్లో ఉన్నవాళ్ల తల అయితే సామాను దించి మళ్లీ సర్దాలి.

ముందుగా నీళ్ల సీసా సంగతి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొదట చూడాల్సింది ఇదే. డ్రైవరు పక్క సీటు మీద పడేసిన లీటరు సీసా మామూలుగా వెళ్తున్నంతసేపూ కదలదు. గట్టిగా బ్రేకు పడగానే సీటు మీంచి జారి కింద పడుతుంది, దొర్లుకుంటూ పెడళ్ల దగ్గరికి చేరుతుంది. అది బ్రేకు పెడలు కిందికి దూరితే పెడలు పూర్తిగా దిగదు. అంటే బ్రేకు అత్యవసరమైన క్షణంలోనే, ఆ బ్రేకు వల్లే, బ్రేకుకు అడ్డం తయారవుతుంది. సీసా తలుపు అరలో ఉండాలి. వదిలేసిన చెప్పులు, తడి గొడుగు కూడా డ్రైవరు కాళ్ల దగ్గర ఉండకూడదు. కాళ్ల కింది మ్యాట్ కొక్కేలకు తగిలించి ఉందో లేదో చూడండి.

బరువైన పెట్టెలు డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టాలి. మధ్యలో ఖాళీ వదిలితే పెట్టె ఆ ఖాళీలో విడిగా వచ్చి సీటును గుద్దుతుంది. ముందే ఆని ఉంటే సీటుతోపాటే ఆగుతుంది.

బెల్టు చేసే పని

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడం, సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడం, రెంటిలోనూ వేగం ఒకటే. ఆ గుద్దుడులో కారు ముందుభాగం ఒక 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుందాం. బెల్టు పెట్టుకున్న మనిషి కూడా కారుతోపాటు దాదాపు ఆ 60 సెంటీమీటర్ల దూరంలోనే ఆగుతాడు. అప్పుడు శరీరం మీద పడే బలం తన బరువుకు 16 రెట్లు. బెల్టు లేని మనిషి మాత్రం కారు ఆగిపోయాక కూడా కదులుతూనే ఉండి, స్టీరింగు దగ్గరో అద్దం దగ్గరో 5 సెంటీమీటర్లలో ఆగాలి. అక్కడ బలం 200 రెట్ల దాకా వెళ్తుంది. మూడు చోట్ల బిగిసే ఇప్పటి సీటు బెల్టును 1959లో నిల్స్ బోలిన్ వోల్వో కార్లలోకి తెచ్చింది ఈ తేడా కోసమే.

పిల్లల విషయంలో ఇదే లెక్క ఇంకా కఠినం. ఒళ్లో కూర్చున్న 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోల బరువై చేతుల్లోంచి లాగేసుకుంటుంది. ఎంత బలమైనవాళ్లయినా పట్టుకోలేరు, ప్రేమకూ దీనికీ సంబంధం లేదు. వయసుకు తగిన పిల్లల సీటు వెనక బిగించండి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు.

బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకు పొట్ట కిందుగా రావాలి. పై పట్టీ భుజం మధ్యగా పోవాలి, చంక కిందికి నెట్టకూడదు. వానాకాలంలో చాలామంది చేసే పొరపాటు, మందపాటి రెయిన్‌కోటు విప్పకుండానే బెల్టు పెట్టుకోవడం. కోటు నలిగినంత మేర బెల్టు వదులైనట్టే. ఎక్కగానే విప్పేయండి. డ్రైవరు ఛాతీకీ స్టీరింగుకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. వెనక సీట్లో బెల్టు పెట్టుకోనివాళ్లు తమకే కాదు, ముందున్నవాళ్లకూ ప్రమాదమే.

ఇక హెడ్‌రెస్ట్. తడి రోడ్డు మీద వెనకొచ్చే బండి ఆలస్యంగా ఆగుతుంది, వెనక నుంచి గుద్దుళ్లు పెరుగుతాయి. అప్పుడు సీటు వీపును ముందుకు నెడుతుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. మెడ ఆ రెంటి మధ్యా నలుగుతుంది. హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తి ఎత్తుకు వచ్చేలా లేపండి. తలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

తడి రోడ్డు లెక్క

వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు, బ్రేకు పడ్డాక ఆగే దూరమూ నాలుగు రెట్లు. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర, అడ్డం చూసి బ్రేకు మీద కాలు పడడానికి ఒకటిన్నర సెకను పడితే, ఆలోగానే 25 మీటర్లు పోతాం. తర్వాత పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లలో ఆగే బండి, తడి మీద 35 మీటర్లు తీసుకుంటుంది. మొత్తం 60 మీటర్లు. గంటకు 80 దగ్గర ఆ మొత్తం 95 దాటుతుంది. అరిగిన టైర్లయితే ఇంకా ఎక్కువే. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలని చాలా దేశాల చట్టాలు చెప్తాయి గానీ, వానలకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం మేలు. నీటిని పక్కకు తోసేది ఆ గాళ్లే.

నిలిచిన నీటిలో స్టీరింగు ఒక్కసారిగా తేలికైతే టైరు నీటి పొర మీద తేలుతోందని అర్థం. ఇప్పుడు బండి జడత్వం మీద పోతోంది, మీ మాట వినదు. గట్టిగా బ్రేకు వేయకండి, స్టీరింగు విసురుగా తిప్పకండి. యాక్సిలరేటరు మెల్లగా వదిలి స్టీరింగు తిన్నగా పట్టుకోండి.

మలుపుల్లోనూ బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని తిప్పేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఒక్కటే. 30 మీటర్ల వ్యాసార్థమున్న వంపులో 40 వేగానికి బండి బరువులో 42 శాతం పట్టు కావాలి. తడి రోడ్డు ఇచ్చేది ఇంచుమించు అంతే. 30కి తగ్గిస్తే 24 శాతం చాలు. టైరుకున్న పట్టు ఒకటే, దాన్నే బ్రేకూ మలుపూ పంచుకోవాలి. కాబట్టి బ్రేకు పని మలుపు ముందే, తిన్నని రోడ్డు మీద పూర్తి చేసుకోండి.

ద్విచక్ర వాహనాలకు ఇది మరీ ముఖ్యం. బ్రేకు వేయగానే భారంలో ఎక్కువ భాగం ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై సులువుగా జారుతుంది. రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని క్రమంగా బిగిస్తూ వాడండి. రోడ్డు మీది రంగు గీతలు, ఇనుప మూతలు తడిస్తే మరీ జారతాయి, వాటి మీద బ్రేకూ వంపూ రెండూ వద్దు. హెల్మెట్ లోపలి మెత్త నలుగుతూ తలకు ఆగడానికి కాస్త దూరం ఇస్తుంది. పట్టీ బిగించకపోతే హెల్మెట్ ఒక దారి, తల ఒక దారి. ఒకసారి గట్టిగా దెబ్బతిన్నది బయటికి బాగానే ఉన్నా మార్చేయాల్సిందే.

లోడు బండ్లకు

సగం నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ముకన్నా మొండిది. 200 లీటర్ల డ్రమ్ములో 100 లీటర్ల నీళ్లుంటే, ఆ వంద కిలోలూ బ్రేకు పడగానే ముందుకు, మలుపులో పక్కకు పొర్లుతాయి. బండిని ఒకసారి కుదిపాక వెనక్కి వచ్చి మళ్లీ కుదుపుతాయి. పూర్తిగా నింపండి, లేదా ఖాళీగా తీసుకెళ్లండి.

తాళ్ల విషయంలో వాడే కొలత ఇది: ముందుకు జారకుండా సరుకు బరువులో 80 శాతం బలాన్ని, పక్కలకూ వెనక్కీ సగం బరువు బలాన్ని తట్టుకునేలా కట్టాలి. ‘ఇంత బరువున్నది ఎక్కడికి కదులుతుంది’ అనుకోవడం తప్పు. బరువెక్కువైతే జడత్వమూ ఎక్కువే. ఎత్తుగా పేర్చకండి, బరువైనవి అడుగున వేయండి. తడిసిన టార్పాలిన్ మీద తాడు జారుతుంది, ముడి దాని మీద కాకుండా బండి కొక్కేనికి పడాలి. బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి చూడండి. కుదుపులకు సరుకు సర్దుకుని తాడు వదులైపోయి ఉంటుంది. మళ్లీ బిగించాకే వేగం పెంచండి.