ఫిజిక్స్ డిగ్రీతో ఎమ్మెస్సీ మ్యాథ్స్: ముందు మెమో, తర్వాతే ఫీజు

ఆన్‌లైన్ ఫారం తెరిచే ముందు మీ ఆరు సెమిస్టర్ల మెమోలు దగ్గర పెట్టుకుని ఒక్కటే చూడండి: మ్యాథ్స్ మీకు ఆప్షనల్‌గా, అంటే గ్రూపులోని ప్రధాన సబ్జెక్టుగా ఉందా, లేదా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చదివారంటే చాలావరకు ఎంపీసీ, ఎంపీసీఎస్ లాంటి గ్రూపే అయి ఉంటుంది. అందులో ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ కూడా ప్రధాన సబ్జెక్టే కాబట్టి అర్హత గురించి భయం అక్కర్లేదు. చిక్కంతా మ్యాథ్స్ లేని కాంబినేషన్ తీసుకున్నవాళ్లకు, బయటి యూనివర్సిటీల్లో ఫిజిక్స్ ఆనర్స్ చేసినవాళ్లకు వస్తుంది. ఆనర్స్‌లో 'మ్యాథమెటికల్ ఫిజిక్స్' ఎన్ని పేపర్లు రాసినా అది ఫిజిక్స్ పేపరే. ఎంట్రన్స్‌కు హాల్‌టికెట్ వచ్చినంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు, అర్హతను ఖాయం చేసేది సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో. అక్కడ ఆగిపోతే మంచి ర్యాంకు కూడా అక్కరకు రాదు. అందుకే అనుమానం ఉంటే ఫీజు కట్టకముందే మెమోలు, సిలబస్ జతచేసి అడ్మిషన్ల విభాగానికి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ, హైదరాబాద్ ఉస్మానియా, మూడింటి పీజీ సీట్లకూ తెలంగాణ ఉమ్మడి పీజీ ఎంట్రన్స్ అయిన సీపీగెట్ ఒక్కటే దారి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటి కూడా వదలకుండా గుర్తించాలి. ఒక్కో సబ్జెక్టుకు పరీక్ష వేరు. ఫిజిక్స్‌ కూడా చేతిలో ఉంచుకోవాలనుకుంటే అదనపు ఫీజు కట్టి రెండూ రాయడం మంచిదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి మాత్రం జాతీయ స్థాయి ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ రాయాలి: 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4, తప్పుకు 1 కోత. ఐఐటీల ఎమ్మెస్సీ సీట్లకు జామ్ అనే ఎంట్రన్స్ ఉంది. పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది కానీ దరఖాస్తులు అంతకుముందు ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లోనే అయిపోతాయి. ఫైనలియర్ పిల్లలు ఎక్కువమంది జారవిడిచేది దీన్నే. జామ్‌లో 60 ప్రశ్నలకు 100 మార్కులు, 3 గంటల సమయం. ఒక జవాబే సరైన ప్రశ్నల్లో తప్పుకు మూడో వంతు కోత ఉంటుంది, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు, జవాబును అంకెగా కొట్టే ప్రశ్నలకు కోత లేదు. డిగ్రీలో మ్యాథ్స్ ఎన్ని సెమిస్టర్లు ఉండాలనేది ఐఐటీని బట్టి, కోర్సును బట్టి మారుతుంది. మీరు కోరుకునే కోర్సు నిబంధన విడిగా చదవండి.

ఇక చదువు. ఫిజిక్స్ మీద మనసు పెట్టి చదివినవాళ్లకు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మల్టిపుల్ ఇంటిగ్రల్స్, మ్యాట్రిక్స్ లెక్కలు చేతిలో ఉంటాయి. దెబ్బతీసేవి మూడో సెమిస్టర్ రియల్ అనాలిసిస్, నాలుగో సెమిస్టర్ ఆల్జీబ్రా. డిగ్రీలో ఈ రెండూ గైడు పట్టుకుని గట్టెక్కినవాళ్లే ఎక్కువ. ఎంట్రన్స్‌లో ఆ పద్ధతి నడవదు.

లీనియర్ ఆల్జీబ్రాలో ఒక చిన్న మ్యాట్రిక్స్ తీసుకోండి. పై వరుస 1, 1. కింది వరుస 0, 1. ఐగెన్ విలువ 1, అదే రెండుసార్లు వస్తుంది. క్వాంటమ్ మెకానిక్స్‌లో ఎప్పుడూ హెర్మిషియన్ మ్యాట్రిక్స్‌లే (ఇవి తప్పకుండా డయాగనలైజ్ అవుతాయి) చూసిన అలవాటుతో 'ఇది డయాగనలైజ్ అవుతుంది' అని టిక్కు పెట్టేస్తారు. అవ్వదు. ఐగెన్ వెక్టర్లు వెతికితే ఒకే దిశలో దొరుకుతాయి, రెండు పరిమాణాలకు రెండు స్వతంత్ర వెక్టర్లు కావాలి కదా. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇలాంటివంటే ఇష్టం.

అనాలిసిస్‌లోనూ ఇదే తంతు. లిమిట్‌నూ ఇంటిగ్రల్‌నూ అటూఇటూ మార్చేయడం ఫిజిక్స్‌లో మామూలే. ఇక్కడ మాత్రం ఎప్పుడు మార్చవచ్చో చెప్పడమే అసలు పాఠం. 0 నుంచి 1 వరకు ఎక్స్ పవర్ ఎన్ ఫంక్షన్లను చూడండి. ఒక్కొక్కటీ కంటిన్యూయస్సే, కానీ ఎన్ పెరుగుతూ పోతే వచ్చే లిమిట్ ఫంక్షన్ 1 దగ్గర ఒక్కసారిగా ఎగురుతుంది. లిమిట్ కూడా కంటిన్యూయస్‌గా ఉండాలంటే యూనిఫామ్ కన్వర్జెన్స్ (అన్ని బిందువుల దగ్గరా ఒకేలా లిమిట్‌కు చేరడం) ఎందుకు కావాలో దీంతో తెలిసిపోతుంది. ప్రతి సిద్ధాంతానికీ ఒక ఉదాహరణ, ఒక షరతు తీసేస్తే విరిగిపోయే ఇంకో ఉదాహరణ రాసి పెట్టుకోండి. ఆ నోట్‌బుక్కే మీకు ఎక్కువ మార్కులు తెస్తుంది.

గ్రూపులు పూర్తిగా కొత్తగా అనిపిస్తే చిన్నవాటితో మొదలుపెట్టండి. 12 మాడ్యులో కూడిక గ్రూపులో ఆర్డర్ 6 ఉన్న మూలకాలు, అంటే ఆరుసార్లు కలిపితేనే మొదటిసారి 0 వచ్చేవి, ఎన్ని? రెండే: 2, 10. ఇలాంటివి చేత్తో వేసిన తర్వాతే కోషెంట్ గ్రూపులకు, రింగులకు వెళ్లండి. రోజుకు మూడు గంటలు ఇవ్వగలిగితే అనాలిసిస్‌కు ఆరు వారాలు, ఆల్జీబ్రాకు ఐదు, లీనియర్ ఆల్జీబ్రాకు మూడు, వచ్చినవాటి రివిజన్‌కు రెండు పెట్టుకోండి. పాత పేపర్లను గడియారం పెట్టుకుని రాయాలి. సీపీగెట్‌లో ఒక్కో ప్రశ్నకు దొరికేది 54 సెకన్లే.

కాగితాల్లో ఆలస్యమయ్యేవి ముందే తెచ్చుకోండి. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా బోనఫైడ్లు, మీసేవలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు, కాలేజీ నుంచి టీసీ, యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్. ఫారంలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టాలి. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు దాన్ని ఎట్లయినా వెరిఫికేషన్ లోపే క్లియర్ చేయాలి.

వెబ్ ఆప్షన్లలో మ్యాథ్స్ ఒక్కదానితో ఆగకండి. అప్లైడ్ మ్యాథ్స్, మ్యాథ్స్ విత్ కంప్యూటర్ సైన్స్ కూడా ఇదే ర్యాంకుకు వస్తాయి. క్యాంపస్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే సీటే రాకపోవచ్చు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజు ఎక్కువ, ఆప్షన్ పెట్టేముందు ఆ అంకె చూసుకోండి. ఇప్పటికే ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసినవాళ్లు ఇంకొకటి గమనించాలి: అదే స్థాయిలో రెండో కోర్సుకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి రెండేళ్ల ఫీజు చేతి నుంచే కట్టాల్సి వస్తుందని లెక్కేసుకుని దిగండి.