వంకర గదిలో హోమ్ స్టూడియో పెట్టుకోవడం ఎలా?

సామాను సంగతి ముందే ముగించేద్దాం. కంప్యూటర్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు (కరెంటు అందితేనే పనిచేసే, సున్నితమైన మైకు), స్టాండు, పాప్ ఫిల్టర్ (ఊపిరి తాకిడిని ఆపే, మైకు ముందు పెట్టే జల్లెడ), చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఒక జత స్టూడియో స్పీకర్లు. చిన్న గదికి 5 అంగుళాల స్పీకర్లే తీసుకోవాలి, 8 అంగుళాలవి వద్దు. ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే వెళ్లే కరెంటు) ఉందో లేదో చూసుకోండి, కండెన్సర్ మైకుకు అది కావాలి. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టండి. వైర్లు కలపడానికి అరగంట చాలు.

అసలు పని బల్ల ఎక్కడ వేయాలో తేల్చుకోవడం. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. గది ఎల్ ఆకారంలోనో, కప్పు ఏటవాలుగానో ఉంటే, బల్ల ఏ మూలన పడితే ఆ మూలకు తోసేస్తారు. మిక్స్ (అన్ని ధ్వనులూ కలిపి తయారుచేసిన పాట) ఒకవైపుకు ఒరిగిపోయి, బయట ఎక్కడ విన్నా బేస్ (లోతైన ధ్వని) తేడాగా వినిపిస్తుంటే, తప్పు స్పీకర్లదనుకుని కొత్తవి కొంటారు. దయచేసి ఆ పని చేయకండి.

పాటించాల్సిన నియమం ఒక్కటే: మీ ఎడమ చెవికి ఎలాంటి గది ఉందో కుడి చెవికీ అలాంటిదే ఉండాలి. గది మొత్తం అలా కుదరకపోయినా, మీ ముందున్న సగమైనా కుదరాలి. ఎల్ గది అయితే పొడవాటి భాగంలో, దాని చివరి గోడకు ఎదురుగా కూర్చోండి. తెరిచి ఉన్న రెండో భాగం మీ వెనక్కి పోవాలి. కప్పు ఏటవాలుగా ఉంటే తక్కువ ఎత్తున్న వైపు స్పీకర్లు పెట్టండి, మీ వెనక కప్పు లేస్తూ పోవాలి. కప్పు ఎడమ నుంచి కుడికి వాలుతున్న చోట ఎప్పుడూ కూర్చోవద్దు, బల్లను పక్కకు తిప్పేయండి. పక్క గోడ ఒకటి వంకరగా ఉంటే, బల్లను ఎదురు గోడకు సమంగా వేయకుండా రెండు పక్క గోడలకూ సరిగ్గా మధ్యన పోయే గీతను పట్టుకుని వేయండి.

తర్వాత ముందుకా, వెనక్కా? 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు, అంటే బాగా లోతైన స్వరం) దగ్గర ధ్వని రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. గదికి సరిగ్గా నడుమ కూర్చుంటే ఆ బేస్ దాదాపు వినపడదు, గోడకు ఆనుకుంటే ఉబ్బిపోయి వినపడుతుంది. ఎదురు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దగ్గర, అంటే 4 మీటర్లకు సుమారు మీటరున్నర దూరంలో, కుర్చీ వేసి మొదలుపెట్టండి. వంకర గదిలో ఈ లెక్క మొదలుపెట్టడానికే పనికొస్తుంది. ఆ తర్వాత చెవే దిక్కు. 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం మెల్లగా వాయిస్తూ కుర్చీని పది సెంటీమీటర్ల చొప్పున జరపండి. ఏ స్వరమూ మాయం కాని చోట ఆగండి. కొలిచే మైకు ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫ్ కూడా చూడొచ్చు. ఈ పనికి ఒక పూట పట్టినా పట్టనివ్వండి. ఇది తేలేదాకా గోడకు ఒక్క మేకు కొట్టకండి.

స్పీకర్లను గోడకు దూరంగా పెట్టమని చాలామంది చెబుతారు. చిన్న గదిలో అది తప్పు. స్పీకర్ ముఖం గోడకు మీటరు దూరంలో ఉంటే, వెనక్కి తగిలి వచ్చే ధ్వని 86 హెర్ట్జ్ దగ్గర బేస్‌ను మింగేస్తుంది. 40 సెంటీమీటర్లకు తెస్తే ఆ గొయ్యి 214 దగ్గరికి పోతుంది, అక్కడ ధ్వనిని పీల్చుకునే మందపాటి ప్యానెల్‌తో సరిచేయొచ్చు. రెండు స్పీకర్లూ, మీ తలా సమబాహు త్రిభుజంలా ఉండాలి.

ఇక గోడల పని. గుడ్ల ట్రేలు, పలచటి ఫోమ్ ముట్టుకోవద్దు. అవి పై స్వరాలను మాత్రమే తినేసి బేస్‌ను అలాగే వదిలేస్తాయి, గది గొంతు నొక్కినట్టు అయిపోతుంది. పక్కింటికి చప్పుడు పోకుండా ఆపడం కూడా వాటి వల్ల కాదు, దానికి బరువైన గోడే కావాలి. 10 సెంటీమీటర్ల మందం రాక్ వూల్‌ను (రాతితో చేసిన దూది లాంటి పీచు) చెక్క ఫ్రేములో పెట్టి, గుడ్డ చుట్టి ప్యానెల్ చేసి, గోడకు 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలి నిలబెట్టండి. చేతులకు గ్లవ్స్, ముఖానికి మాస్కు తప్పనిసరి. మూలలతో మొదలుపెట్టాలి. తర్వాత ఒకరు అద్దాన్ని పక్క గోడ మీద జరుపుతుంటే మీరు కుర్చీలోంచి చూడండి, స్పీకర్ కనపడిన చోట ఒక ప్యానెల్ పడాలి. ఒకవైపు గోడ లేకపోతే అక్కడ ప్యానెల్‌ను స్టాండు మీద నిలబెట్టండి.

పాడే చోటు కోసం ఎల్ గదిలోని రెండో భాగం వాడుకోండి. కార్డియాయిడ్ మైకుకు (ముఖ్యంగా ముందువైపు ధ్వనినే పట్టే మైకు) వెనకవైపు సరిగా వినపడదు, అది వినేది పాడేవారినీ, వారి వెనకున్న గోడనూ. అందుకే ప్యానెల్ మైకు వెనక కాకుండా పాడేవారి వీపు వెనక పెట్టండి.