వానలొచ్చేలోపు రాళ్ళ కింద ఏముందో చూసుకోండి: విశాఖ ఇళ్ళకు జాగ్రత్తలు

ఇంటి ముందు లాన్ తీసేసి గులకరాళ్ళో, రాతి చిప్సో వేయిస్తే రోజూ నీళ్ళు పెట్టే పనీ, నెలనెలా గడ్డి కోసే పనీ తప్పుతాయి. విశాఖలో మాత్రం ఆ రాళ్ళకు ఏటా రెండు పరీక్షలుంటాయి. జూన్‌లో నైరుతి వానలు మొదటిది. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే వాయుగుండాలూ తుఫానులూ రెండోది, అసలైనది కూడా అదే. రాయి నీటిని పీల్చదు, ఆపదు. కింద నేల వాలు తప్పితే ఆ తప్పును కనబడకుండా కప్పేస్తుందంతే. గోడకు చెమ్మ ఎక్కిన తర్వాతో, గేటు దగ్గర రాళ్ళన్నీ రోడ్డు మీదకు కొట్టుకుపోయిన తర్వాతో విషయం బయటపడుతుంది. అందుకే తవ్వకం, లెవెలింగ్ పనులు ఏప్రిల్, మే నెలల్లోనే ముగించాలి. సెప్టెంబరు ఆఖరి వారంలో ఇంకోసారి చూసుకోవాలి.

ముందు వాలు, తర్వాతే రాయి

రాళ్ళు దింపించే ముందే పైపు పెట్టి స్థలమంతా పావుగంట తడపండి. నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో సున్నంతో గీత గీసి పెట్టుకోండి. నేల వాలు గోడ నుంచి బయటకు ఉండాలి. పది అడుగులకు రెండు అంగుళాల చొప్పున దిగితే చాలు. దారం కట్టి, ట్యూబ్ లెవెల్‌తో చూస్తే మేస్త్రీ అరపూటలో సరిచేస్తాడు. రాళ్ళు పరిచాక ఇదే పని చేయాలంటే మొత్తం ఎత్తిపోయాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఎత్తు విషయంలో. పాత నేల తవ్వకుండా దాని మీదే రెండు మూడు అంగుళాల రాయి పోసేస్తారు. దాంతో రాళ్ళ పైభాగం గోడలోని డీపీసీ పట్టీ దాకా వచ్చేస్తుంది. నేల చెమ్మ పైకెక్కకుండా ఆపేది ఆ పట్టీయే. దానికి కనీసం ఆరు అంగుళాలు కిందే రాళ్ళు ఆగాలి. లేకపోతే వాన చినుకు రాళ్ళ మీద పడి గోడ మీదకు చిందుతుంది, లోపల పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది. చెదలకు కూడా గోడలోకి చాటుదారి దొరుకుతుంది.

నేల నీటిని ఇంకించుకుంటుందో లేదో తెలుసుకోవడానికి అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. మర్నాటికి కూడా నీళ్ళుంటే అది బంకమట్టి. అక్కడ రాళ్ళు ఒక్కటే చాలవు. నాలుగంగుళాల చిల్లుల పీవీసీ పైపును, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డతో చుట్టి, చుట్టూ 20 ఎం.ఎం. మెటల్ (కంకర) పోసి, వంద అడుగులకు అడుగు వాలుతో కాలువ దాకా వేయాలి. ఇంకుడు గుంత ఉన్న ఇళ్ళలో దాని మూతను గానీ, వడపోత ఇసుక పొరను గానీ అలంకరణ రాళ్ళతో కప్పకండి. ఏటా పై ఇసుక మీద పేరుకున్న బురద తీస్తేనే అది పనిచేస్తుంది. రాళ్ళ కింద పడిపోతే దాన్ని ఎవరూ తీయరు.

గుడ్డ వేయాలి, పాలిథీన్ కాదు

కలుపు రాకూడదని నల్ల పాలిథీన్ షీటు పరిచి, దాని మీద రాళ్ళు పోయడం చాలాచోట్ల కనిపిస్తుంది. మొదటి వానకే ఆ షీటు మీద నీళ్ళు గుంటలు కడతాయి, దోమలు చేరతాయి, పక్కన చెట్ల వేళ్ళకు గాలి ఆడదు. నాన్-వోవెన్ జియోటెక్స్‌టైల్ అడగండి. నడిచే చోటికి 120 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), కారు ఎక్కే చోటికి 200 జీఎస్ఎంకు తగ్గకుండా. ఒక ముక్క మీద ఇంకో ముక్క ఆరు అంగుళాలు ఎక్కాలి. అడుగున్నరకో యూ-పిన్ను కొట్టాలి.

ఈ గుడ్డకు తుంగ లొంగదు. దాని మొలక సూదిలా ఉంటుంది. గుడ్డను పొడుచుకుని, రాళ్ళ సందుల్లోంచి మూడు పచ్చటి ఆకులతో పైకొస్తుంది. పీకితే ఆకు చేతికొస్తుంది, దుంప కిందే ఉంటుంది. కాబట్టి తుంగ, గరిక ఉన్న నేలను ముందుగా అడుగు లోతు తవ్వి, దుంపలూ వేళ్ళూ ఏరేయాలి. తర్వాత నేల తడిపి, పారదర్శకమైన పాలిథీన్ కప్పి, అంచుల మీద మట్టి వేసి ఏప్రిల్, మే ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. లోపలి వేడికి విత్తనాలు చాలావరకు చస్తాయి. ఇక్కడ నల్ల షీటు కన్నా పారదర్శక షీటే నయం, ఎండ నేరుగా మట్టికి తగులుతుంది.

గుడ్డ వేసినా రెండు మూడేళ్ళకు కలుపు వస్తుంది. అది కింది నుంచి వచ్చేది కాదు. రాలిన ఆకులు, దుమ్ము రాళ్ళ మధ్య కుళ్ళి నల్లటి మట్టిగా మారతాయి, గాలికొచ్చిన విత్తనం అందులో మొలుస్తుంది. వేప, బాదం చెట్ల కింద రాళ్ళు వేయకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. వేసి ఉంటే వానలకు ముందు ఒకసారి రేక్ (పళ్ళ గొర్రు)తో ఆకులు లాగి, పై పొర రాళ్ళను జల్లెడ పట్టి కడిగి మళ్ళీ పోయండి.

ఏ రాయి, ఎంత

షాపులో ఉత్తినే గ్రావెల్ అని ఆర్డరిస్తే ఎర్రమట్టి గ్రావెల్ లారీ దింపేసే అవకాశం ఉంది. రాయి పేరు, సైజు రెండూ చెప్పాలి. నడకదారికీ కారు పార్కింగుకూ గుండ్రటి గులకరాళ్ళు పనికిరావు. టైరు కింద, చెప్పు కింద పక్కకు దొర్లిపోతాయి. అంచులున్న 20 ఎం.ఎం. చిప్స్ ఒకదానికొకటి కరుచుకుని నిలుస్తాయి. కారు ఎక్కే చోట వాటి కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల 40 ఎం.ఎం. మెటల్ దిమ్మిస కొట్టి గట్టిచేయాలి. గులకరాళ్ళను కుండీల చుట్టూ, గోడ వార, కాలు పడని చోట వాడుకోండి.

మందం రాయి సైజుకు కనీసం రెండింతలుండాలి. 20 ఎం.ఎం. రాయికి రెండు అంగుళాలు. లెక్క సులువు: పొడవు, వెడల్పు అడుగుల్లో, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 12తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఘనపుటడుగు రాయి సుమారు 42 కిలోలు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు స్థలానికి రెండంగుళాల మందం అంటే 16.7 ఘనపుటడుగులు, దాదాపు 700 కిలోలు, 50 కిలోల బస్తాలు 14. సర్దుకుపోయేదానికి మరో పది శాతం కలపండి.

తెల్ల మార్బుల్ చిప్స్ చూడ్డానికి బావుంటాయి. కానీ పోర్టుకు దగ్గరున్న పాతనగరం వైపు, గాజువాక వైపు దుమ్ముకు తొందరగా మాసిపోతాయి. అక్కడ బూడిదరంగు గ్రానైట్ చిప్స్ నయం. మార్బుల్‌లో ఉండేది కాల్షియం కార్బొనేట్, వాన నీటికి కొద్దికొద్దిగా కరిగి మట్టిని క్షారం చేస్తుంది. మందార, నూరువరహాలు మొక్కల మొదట్లో వేస్తే లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మొక్కకు ఇనుము అందడం లేదని దానర్థం. ఎరువు ఎంత వేసినా రాయి తీసేదాకా పూర్తిగా తేరుకోదు. రంగు వేసిన రాళ్ళు బీచ్‌రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఎండకూ ఉప్పుగాలికీ ఎక్కువ కాలం నిలవవు. కొనే ముందు గుప్పెడు రాళ్ళను బకెట్ నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, తెల్లగుడ్డతో తుడిచి చూడండి. రంగు అంటితే వద్దు.

ఏ రాయైనా పరిచే ముందు కడగాల్సిందే. క్వారీ పొడి అలాగే పడితే మొదటి వానకు కిందికి దిగి గుడ్డ రంధ్రాలను మూసేస్తుంది.

బీచ్ నుంచి రాళ్ళు, ఇసుక తెచ్చుకోవద్దు. అనుమతి లేకుండా తీయడం నేరం. పైగా ఉప్పు ఇసుక బండల కింద వేస్తే పైన తెల్లటి పొడి పూస్తుంది, దగ్గర్లోని ఇనుమంతా తుప్పు పడుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. అక్కడి మట్టి మీద చెయ్యి వేయకూడదు.

కొండవాలు ఇళ్ళు

ఆరిలోవ, మాధవధార, సింహాచలం కొండ కింది ఇళ్ళలో అసలు ప్రమాదం రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా ఆపే గోడ. గోడ వెనక మట్టి నీరు పట్టి బరువెక్కితే గోడను బయటకు తోస్తుంది. గోడలో వదిలిన వీప్ హోల్స్ లోంచి ఆ నీరు పోవాలి. అందంగా ఉంటుందని వాటికి అడ్డంగా రాళ్ళు పేర్చడం, సిమెంటు పూయడం ప్రాణం మీదకు తెస్తుంది. జూన్ రాకముందే ప్రతి రంధ్రంలోకి సన్నని ఇనుప కడ్డీ దూర్చి చూడండి. తడి బురద రావచ్చు, కడ్డీ మాత్రం ఆగకూడదు. వానలో మిగతావి కారుతూ ఒకటి మాత్రం పొడిగా ఉందంటే అది మూసుకుపోయి ఉండవచ్చు. గోడలో కొత్త బీట, ఉబ్బు కనిపిస్తే రాళ్ళ సంగతి పక్కనపెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. వాన కురుస్తుండగా ఆ గోడ కింద ఎవరూ ఉండకూడదు.

వాలు నేల మీద గులకరాళ్ళు నిలవవు. మెట్లు మెట్లుగా అడ్డకట్టలు కట్టి, మధ్యలో అంచులున్న రాయి వేయండి. అడ్డకట్టకు నీరు పోయే సందులు వదలాలి.

డాబా మీద రాళ్ళు

రెండంగుళాల రాయి చదరపు మీటరుకు దాదాపు 75 కిలోల అదనపు బరువు. మనుషులు ఎక్కే డాబాలకు సాధారణంగా లెక్కగట్టే భారం చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే సగం రాళ్ళకే పోయింది. ఇంజనీరు చూడకుండా వేయించకండి.

ఇంకో సంగతి గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూఇటూ వీచింది. అంతటి గాలికి డాబా మీది చిన్న రాయి తూటాతో సమానం. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1983లో అలీషియా తుఫాను వచ్చినప్పుడు పైకప్పుల మీది కంకర ఎగిరి పక్క భవనాల అద్దాలు పగలగొట్టింది. బాల్కనీలోనూ, డాబాపైనా వదులు రాళ్ళు వద్దని గట్టిగా చెబుతున్నాం. ఇప్పటికే ఉంటే, తుఫాను హెచ్చరిక రాగానే బస్తాలకెత్తి కింది అంతస్తుకు దించండి, డాబా మీదే వదిలేయకండి. చిన్న కుండీలు కూడా అంతే.

డాబా నీళ్ళు దిగే పైపు మొదట్లో ధార పడి రాళ్ళు చెదిరి గొయ్యి పడుతుంది. అక్కడ ఒక కడప బండ పరిచి, చుట్టూ నాలుగైదు అంగుళాల పెద్ద రాళ్ళు పేర్చాలి. కాలువ నోటికి జాలీ తప్పనిసరి. 20 ఎం.ఎం. రాయికి జాలీ కన్ను 10 ఎం.ఎం. దాటకూడదు. సముద్రానికి దగ్గర ఇనుప జాలీ తొందరగా తుప్పు పట్టిపోతుంది, పీవీసీ గానీ 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ పెట్టండి.

పనిచేసేటప్పుడు

గ్రానైట్, ఇసుకరాయి కోసే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తులకు పట్టిన సిలికోసిస్ నయం కాదు. నీళ్ళు పోస్తూనే కోయించండి, పనివాళ్ళకు గుడ్డ కాదు, ఎన్95 మాస్కు ఇవ్వండి. తడిలో కటింగ్ మిషన్ నడుస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీయాలి.

బండల మీద పాచికి పది లీటర్ల నీళ్ళలో వంద గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పావుగంట ఉంచి, బ్రష్‌తో రుద్ది కడగండి. మొక్కల మీద పడనీయకండి. కడప, తాండూరు బండలు సున్నపురాయి జాతివి, మార్బుల్ కూడా అంతే. యాసిడ్ పోస్తే తినేస్తుంది. నిమ్మరసం చుక్క వేస్తే నురగ వచ్చిన రాయికి యాసిడ్ తగలనీయకండి. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి, వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం.

వానలు పడ్డాక రాళ్ళ గుట్టలోకి చెయ్యి పెట్టకండి. తేళ్ళు, కట్లపాములు చల్లటి సందుల్లో చేరతాయి. ముందు పళ్ళ గొర్రుతో కదపాలి, బూట్లు వేసుకోవాలి, రాత్రిపూట టార్చి ఉండాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ వద్దు. కరిచిన చేయి గానీ కాలు గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గరి ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్ళాలి.

తుఫాను వెళ్ళిన మర్నాడు జాలీ దగ్గర చేరిన ఆకులు తీసి, రాళ్ళ మధ్య నీళ్ళు మెరుస్తున్న చోటల్లా గుర్తు పెట్టండి. ఎండాక అక్కడి రాయి తీసి, గుడ్డ ఎత్తి, కింది నేలను ఎత్తుచేయాలి. పైన ఇంకో బుట్ట రాళ్ళు పోస్తే గుంట కనబడదు గానీ నీళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. ఈ మరమ్మతులకు మొదట కొన్నప్పుడే అదే లాటులోంచి రెండు బస్తాలు అదనంగా తీసి పెట్టుకోండి. ఏడాది తర్వాత అదే షాపులో అదే పేరుతో కొన్నా రంగు కలవకపోవచ్చు.