ఆన్‌లైన్ టీ షాపుల్లో కాపీ డిస్క్రిప్షన్లు: ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి

ముందే ఒక మాట. డిస్క్రిప్షన్ కాపీ కొట్టినంత మాత్రాన టీ చెత్తదని కాదు. కాకపోతే అమ్మేవాళ్లు ఆ టీని ఒక్కసారైనా కాచుకుని తాగారో లేదో మనకు తెలియకుండా పోతుంది, అసలు నష్టం అదే. కొనేముందు ఆ సంగతి తేల్చుకోవడానికే ఇదంతా.

సమస్య: నాలుగు షాపుల్లో పొల్లు పోకుండా ఒకటే డిస్క్రిప్షన్

అందులోంచి కొంచెం విచిత్రంగా ఉన్న వాక్యం ఒకటి తీసి, డబుల్ కోట్స్‌లో పెట్టి సెర్చ్ చేయండి. ‘తేనెలాంటి తీపి, పూల సువాసన’ లాంటివి పనికిరావు, అవి అందరూ రాసేవే. ఒకేసారి చాలా షాపులు బయటపడితే దొంగతనమని వెంటనే అనుకోవద్దు. చాలాసార్లు వాళ్లంతా ఒకే హోల్‌సేలర్ దగ్గర సరుకు తెచ్చుకుని, దాంతోపాటు వచ్చిన కేటలాగు మేటర్‌ని అలాగే అతికించేసి ఉంటారు. అంటే టీ కూడా ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ధర, ప్యాకింగ్, రిటర్న్ పాలసీ చూసుకుని ఎక్కడ మేలైతే అక్కడ కొనండి, ‘మా కోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన అరుదైన టీ’ అన్న ముక్కకు మాత్రం అదనంగా డబ్బులివ్వకండి.

‘మా కుటుంబం తరతరాలుగా పెంచుతున్న తోట’ అన్న వాక్యం రెండు షాపుల్లో కనిపిస్తే అది వేరే కథ. ఆ రెండింట్లో కనీసం ఒకటి అబద్ధం. తోట పేరు, కోత నెల, మొక్క రకం ఏ పేజీలో ఉన్నాయో చూడండి, సాధారణంగా అసలు రాసింది వాళ్లే.

సమస్య: మాటలు ఒకటి చెప్తాయి, ఫోటోలో ఆకు ఇంకొకటి చెప్తుంది

నా దృష్టిలో కాపీ దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడే. డిస్క్రిప్షన్ వేరే టీది, లేదా అదే టీ వేరే సీజన్‌ది, ఫోటో మాత్రం చేతిలో ఉన్న సరుకుది. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత) ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోసేది, దాని ఎండు ఆకులో పచ్చదనం బాగా కనిపిస్తుంది. ఫస్ట్ ఫ్లష్ అని రాసి, ఫోటోలో ఆకు మొత్తం ముదురు గోధుమ రంగులో ఉంటే అది మే, జూన్‌ల సెకండ్ ఫ్లష్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చైనా గ్రీన్ టీ లాంగ్‌జింగ్ ఆకుల్ని వేడి పెనం మీద అదుముతూ వేయిస్తారు కాబట్టి బల్లపరుపుగా ఉంటాయి, చుట్టలు చుట్టుకుపోయి ఉంటే పేరు తప్పన్నమాట. సిల్వర్ నీడిల్ అంటే తెల్లటి నూగుతో ఉన్న మొగ్గలు మాత్రమే, మధ్యలో విప్పారిన ఆకులు కనిపిస్తే అది మొగ్గతోపాటు ఆకులూ ఉండే వైట్ పియొనీ దగ్గరి సరుకు.

ఇంకా తమాషా దా హాంగ్ పావ్ అనే చైనా ఊలాంగ్ టీతో. ‘వూయీ కొండల్లోని తల్లి చెట్ల నుంచి’ అని చాలాచోట్ల రాసేస్తారు. ఆ తల్లి చెట్లు ఉన్నవే గుప్పెడు, వాటి ఆకు కోయడం 2006 నుంచి ఆపేశారు. ఆ ఒక్క ముక్క ఉందంటే రాసినవాళ్లు తాము అమ్మేదాని గురించి కాక, ఎక్కడో చదివిన కథ గురించి రాశారని అర్థం.

చేయాల్సింది చిన్న పనే: ఇప్పుడు అమ్ముతున్న లాట్‌లోంచి (ఒకేసారి వచ్చిన సరుకులోంచి) ఎండు ఆకు, కాచాక తడి ఆకు, రెండింటి ఫోటోలూ పంపమని అడగండి. టీ దగ్గర పెట్టుకున్నవాళ్లకు ఇది అయిదు నిమిషాల పని. తప్పించుకుంటే వదిలేయండి. అలాగే సైట్‌లో ఉన్న ఫోటోని రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఫోటోతోనే వెతికే సెర్చ్‌లో) పెట్టి చూడండి, ఫోటో కూడా అరువుదేనేమో.

సమస్య: కాచే పద్ధతి చదివితే లెక్క కుదరదు

చాలామంది దీన్ని దాటేస్తారు గానీ నేను ముందు చదివేది ఇదే. ‘100 మి.లీ. నీళ్లకు 5 గ్రాముల ఆకు, 4 నిమిషాలు ఉంచండి’ అని ఉందనుకోండి. అంత ఆకు వేసేది గైవాన్ (మూత ఉన్న చిన్న చైనా కప్పు) పద్ధతిలో, అందులో మొదటిసారి ఉంచేది సెకన్లలోనే. నాలుగు నిమిషాలన్నది పెద్ద కప్పులో కొంచెం ఆకు వేసే పద్ధతి. రెండు పేజీల్లోంచి చెరో ముక్క తెచ్చి కుట్టేశారన్నమాట, ఆ ప్రకారం కాస్తే నోట్లో పెట్టుకోలేం. జపాన్ గ్రీన్ టీ సెంచాకు సలసల మరిగే నీళ్లు పోయమన్నా అనుమానించండి, దానికి 70-80 డిగ్రీలు చాలు.

మాటలు మార్చి రాసిన కాపీ కూడా ఇక్కడే బయటపడుతుంది. ఏఐ టూల్‌తో వాక్యాలన్నీ తిరగరాయించవచ్చు, కానీ ముందు ఏదో చక్రవర్తి ఆ టీ తాగాడన్న కథ, తర్వాత వాసన, తర్వాత ఆరోగ్యం అన్న వరస, అందులోని తప్పు అంకెలు అలాగే ఉండిపోతాయి.

సమస్య: ‘ఈ వసంతంలో కోసిన తాజా ఆకు’ అని ఉంది, ఏ ఏడాదో లేదు

పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో ఆ పేజీ లింకు పెట్టండి. రెండేళ్ల కిందట కూడా అదే వాక్యం ఉంటే సంగతి తెలిసిపోతుంది. గ్రీన్ టీ అయితే ఏడాది, నెల అడక్కుండా కొనొద్దు. నిల్వ ఉంచి తాగే చైనా టీ ప్యూఎర్‌కు పాతదైతే నష్టం లేదు, ఏడాది మాత్రం అక్కడా కావాలి.

సమస్య: షాపు మీది, మీ డిస్క్రిప్షన్‌నే ఎవరో ఎత్తుకుపోయారు

ముందు అది పూర్తిగా మీరు రాసిందేనా చూసుకోండి, సప్లయర్ ఇచ్చిన మేటర్ అయితే నోరెత్తడానికి లేదు. తోట పేరు, కోత నెల, ఎత్తు లాంటి వివరాలు ఎవరి సొత్తూ కాదు, మీ వాక్యాలు, మీ ఫోటోలు మాత్రం మీవే. రెండు పేజీల స్క్రీన్‌షాట్లూ తీసి, వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసి, ఆ తర్వాతే మెయిల్ పెట్టండి, ఎందుకంటే మెయిల్ చూడగానే పేజీ మాయం కావచ్చు. మర్యాదగా రాస్తే చాలామంది తీసేస్తారు. తీయకపోతే ఆ మార్కెట్‌ప్లేస్‌కో, హోస్టింగ్ కంపెనీకో కాపీరైట్ ఫిర్యాదు పెట్టండి. అమెరికా కంపెనీలైతే 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం వీటికి ప్రత్యేకంగా ఫారాలు పెట్టి ఉంటాయి. ‘గూగుల్ నా సైట్‌కి శిక్ష వేస్తుందేమో’ అన్న టెన్షన్ అక్కర్లేదు, ఒకే మేటర్ చాలాచోట్ల ఉంటే అది వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చూపిస్తుంది. ఆ ఒకటి వాళ్లది కాకూడదంతే.

ఇకముందు లాట్ మారినప్పుడల్లా కోత నెల, ఆకు తీరు, మీరు కాచిన కొలతలు మార్చి రాయండి. ఎత్తుకెళ్లినవాళ్లు వాటిని అప్‌డేట్ చేస్తూ కూర్చోరు, ఆ పేజీలో నిరుటి లాట్ వివరాలే మిగిలి ఉంటాయి.