క్రోషే బెడ్‌స్ప్రెడ్‌కి ఎంత దారం పడుతుందో ముందే లెక్కేసుకోవడం ఎలా?

"ఓ ముప్పై ఉండలు తెచ్చుకో, సరిపోతాయి" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ ముప్పై వాళ్ల చేతికి, వాళ్ల హుక్‌కి, వాళ్ల మంచానికి సరిపోయిన ముప్పై. ఒకే దారంతో ఒకే డిజైన్ ఇద్దరు అల్లినా ఒకరిది బిగుతుగా, ఇంకొకరిది వదులుగా వస్తుంది. చిన్న టేబుల్ క్లాత్‌లో ఆ తేడా కనపడదు గానీ మంచమంత అల్లికలో నాలుగైదు ఉండల దాకా పోతుంది.

ముందు టేపు తీసుకుని పరుపు కొలవండి. మంచం చెక్క కాదు, పరుపు. తర్వాత రెండు పక్కలా, కాళ్లవైపు ఎంత కిందికి వేలాడాలో అనుకుని అది కలపండి. తలవైపు మామూలుగా వేలాడక్కర్లేదు, కానీ దిండ్ల మీదుగా కూడా కప్పాలనుకుంటే అటు కూడా 30, 40 సెంటీమీటర్లు కలపాల్సిందే. ఉదాహరణకి పరుపు 150 × 200 సెంటీమీటర్లు, మూడువైపులా 30 చొప్పున వేలాడాలి అనుకుందాం. అప్పుడు బెడ్‌స్ప్రెడ్ 210 × 230, అంటే 48,300 చదరపు సెంటీమీటర్లు.

ఇప్పుడు శాంపిల్ ముక్క. మీరు వాడబోయే దారంతోనే, అదే హుక్‌తో, అదే డిజైన్‌లో సుమారు 15 సెంటీమీటర్ల చదరం అల్లండి. ఏదో మామూలు కుట్టుతో అల్లేసి లెక్కేస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే జాలీ డిజైన్ తక్కువ దారంతో ఎక్కువ జాగా నింపుతుంది, బుడిపెలు వచ్చే కుట్టు అదే జాగాకి చాలా ఎక్కువ తాగేస్తుంది. ముక్కని ఉతికి, పరిచి ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవండి, నూలు దారం ఉతికితే కాస్త ముడుచుకోవచ్చు. సరిగ్గా 15 రాకపోయినా ఫర్వాలేదు, ఎంత వస్తే అంతే లెక్కలోకి తీసుకోండి.

ముక్కని తూచండి. 6.4 గ్రాములు ఉందనుకుందాం. ముక్క వైశాల్యం 225, దాంతో 48,300ని భాగిస్తే దాదాపు 215 వస్తుంది, 215 × 6.4 అంటే 1,376 గ్రాములు.

కానీ ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. వంటింటి కాటా ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తే ఈ ముక్క 6 అని రావచ్చు, 7 అని రావచ్చు. 6 అయితే 1,290, 7 అయితే 1,505. కాటా మీద ఒక్క గ్రాము, లెక్కలో 215 గ్రాములు! అందుకని నాలుగైదు ముక్కలు అల్లి కలిపి తూచడం మంచిది. నన్నడిగితే ఇంకా మేలైన పద్ధతి ఒకటుంది: ఒక ఉండ మొత్తం అల్లేయండి. అది ఎంత జాగా నింపిందో కొలిస్తే చాలు, కాటాతో పనే లేదు. విడి చదరాలుగా అల్లే బెడ్‌స్ప్రెడ్ అయితే ఆ అల్లింది వృథా కూడా కాదు, అందులోకే కలిసిపోతుంది.

అంత ఓపిక లేకపోతే 20 మీటర్ల దారం కొలిచి అక్కడ చిన్న ముడి వేసి, ముడి వచ్చేదాకా అల్లండి. 126 చదరపు సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 48,300ని 126తో భాగించి 20తో గుణిస్తే సుమారు 7,670 మీటర్లు. 50 గ్రాముల ఉండ లేబుల్ మీద 280 మీటర్లు అని ఉంటే 27 ఉండల పైచిలుకు, అంటే కాటా లెక్క వచ్చిన చోటికే ఇదీ వచ్చింది. దారం మార్చాలనుకున్నా గ్రాములు చూడకండి, మీటర్లే చూడండి. నూలు, యాక్రిలిక్ ఒకే బరువున్నా పొడవు ఒకటి కాదు. మందం మారితే మాత్రం శాంపిల్ మళ్లీ అల్లక తప్పదు.

రంగురంగుల చదరాలైతే రంగుకో లెక్క వేయాలి, సమానంగా పంచేస్తే చివర్లో ఒక రంగు మిగిలి ఇంకోటి అయిపోతుంది. నడిమి నుంచి బయటికి, వరసకో రంగుతో అల్లే గ్రానీ స్క్వేర్‌లో మొదటి వరసలో 4 గుత్తులు (ఒకేచోట మూడేసి కుట్లు), తర్వాత 8, 12, 16. మొత్తం 40 గుత్తుల్లో 16 బయటి వరసవే, అంటే నాలుగు వరసల చదరంలో దాదాపు 40 శాతం దారం ఆ ఒక్క రంగే తింటుంది. చదరాలు కలిపే దారం కూడా సాధారణంగా అదే రంగు, దాన్నీ మర్చిపోకండి.

అంచు సంగతి విడిగా చూడండి. మన బెడ్‌స్ప్రెడ్ చుట్టుకొలత 880 సెంటీమీటర్లు. అంచు డిజైన్ 20 సెంటీమీటర్లకి 1.5 గ్రాములు పడితే మొత్తం 66 గ్రాములు. కుచ్చులు కూడా కావాలా? తలవైపు వదిలేసి మూడువైపులా 670 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్లకో కుచ్చు, ఒక్కోదానికి 30 సెంటీమీటర్ల పోగులు నాలుగు చొప్పున వేస్తే 268 మీటర్లు, అంటే 48 గ్రాములు, దాదాపు ఒక ఉండ.

మొత్తం 1,376, 66, 48 కలిపితే 1,490. ముడులకీ, తప్పుపోయి విప్పిన చోట్లకీ 10 శాతం కలిపితే 1,639 గ్రాములు, అంటే 33 ఉండలు.

ఆ 33 ఒకేసారి కొనండి, లేబుల్ మీద లాట్ నంబర్ (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్) అన్నిటికీ ఒకటే ఉండాలి. నేను ఒకసారి రెండు ఉండలు తక్కువపడి తర్వాత తెచ్చుకుంటే, షాపులో ఒకే తెలుపు అనిపించింది, పరుపు మీద పరిచాక ఒక మూల మాత్రం పాతబడినట్టు కనిపించింది. తెలుపులో ఇన్ని రకాలుంటాయని అప్పుడే తెలిసింది. అలా రెండు లాట్లు వచ్చేస్తే కొత్తదాన్ని ఒకేచోట వాడకుండా అంచు మొత్తానికి వాడేయండి. వాడని ఉండల్ని వాపసు తీసుకుంటారేమో కొనేటప్పుడే అడిగి ఉంచుకోండి.

పావువంతు అల్లాక ఎన్ని ఉండలు అయ్యాయో ఒకసారి చూసుకోండి. అంచు, కుచ్చులు కాకుండా 27 ఉండల పైచిలుకు లెక్కలో అప్పటికి ఏడు అవ్వాలి. ఎనిమిది దాటితే మొత్తం మీద లెక్క కన్నా నాలుగైదు ఎక్కువే పడతాయన్నమాట, ఆ లాట్ షాపులో ఉండగానే వెళ్లి తెచ్చుకోండి.