కారులో ఆంప్లిఫయర్ పెట్టిస్తున్నారా? ముందు వైరు, ఎర్తు చూడండి
డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే 'మ్యాక్స్' వాట్లు పట్టించుకోకండి. సబ్‌వూఫర్ (బేస్ స్పీకరు), ఆంప్లిఫయర్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా నడిచే అసలు వాట్లు) అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే చాలు. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ ఫుల్లుగా వాయిస్తే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి 4 గేజ్ మందం ఉన్న అచ్చమైన రాగి వైరు, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే 60 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. రాగి పూత అల్యూమినియం వైరు చవకే, కానీ విశాఖ ఉప్పుగాలికి కొసలు తెల్లబారి పాడవుతాయి.

అసలు తంటా ఎర్తు దగ్గరే, అంటే ఆంప్లిఫయర్ నెగటివ్ వైరును కారు బాడీకి కలిపే చోటే. బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకే రింగు టెర్మినల్ బిగించి, పైన గ్రీజు రాయాలి. తుప్పు చేరిందో, ఇంజను వేగంతో పాటు పెరిగే కూత స్పీకర్లలో మొదలవుతుంది. ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కు పాట సిగ్నల్ తెచ్చేవి) పవర్ వైరుకు అవతలి పక్క నుంచి లాగించండి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు ఏడాదికోసారి ఆ ఎర్తు బోల్టు విప్పి చూసుకోవాలి.