నెలలు కదలని 1936 ఫోర్డ్ వీ8 కన్వర్టబుల్‌ను స్టార్ట్ చేయాలంటే

ముందు బ్యాటరీ చూడండి. ఇది 6 వోల్టుల బండి, పైగా పాజిటివ్ ఎర్త్: ప్లస్ వైరే ఛాసిస్‌కి వెళ్తుంది. స్టార్టర్ నీరసంగా మూలుగుతుంటే మోటారును అనుమానించకండి, కేబుల్ చూడండి. 12 వోల్టులతో పోలిస్తే కరెంటు రెట్టింపు లాగుతుంది కాబట్టి సన్న కేబుల్ వేడెక్కుతుందే తప్ప ఇంజిన్‌ను తిప్పలేదు. వేలు మందం కేబుల్ వేయాల్సిందే.

ఎనిమిది ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోయండి. రాత్రంతా వదిలేసి, ఇగ్నిషన్ ఆపి ఉంచి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. పట్టేస్తే బలవంతం వద్దు. తుప్పుకి వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు.

పాత పెట్రోలు మొత్తం తీసేయండి. వార్నిష్ వాసన కొడితే కార్బురేటర్ కూడా విప్పాలి, తప్పదు.

రేడియేటర్‌కి ప్రెషర్ క్యాప్ ఉండదు. అంచుదాకా నింపితే వేడికి పొంగి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతుంది. రేడియేటర్ లోపలి ట్యూబులు మునిగితే చాలు. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ దారి బ్లాక్ గుండానే వెళ్తుంది, అందుకే అంత వేడి.

బ్రేకులు రాడ్లతో పనిచేసేవి, ఫ్లూయిడ్ వెతక్కండి. నాలుగు చక్రాలూ సమంగా పడుతున్నాయో లేదో చూస్తే సరి.

టాప్, అంటే మడిచే గుడ్డ పైకప్పు, తడిగా ఉంటే మాత్రం మడవొద్దు. మడతల్లో గుడ్డ బూజు పడుతుంది.